ఇరువురి వైరము - మూడవవాని స్వాతంత్ర్యము

వలసరాజ్యములకు స్వాతంత్ర్యము లభించిన విధమును గూర్చి రెండు వాదములు తఱచుగా వినవచ్చుచుండును. అమెరికా, సోవియట్టు రష్యాలు ఒండొంటితో పోటీపడుటచేతనే ఇంగ్లండు, ఫ్రాన్సు, హాలండు మున్నగు పాతదొరలు తమ సామ్రాజ్యములను వదలుకొనవలసి వచ్చినదని యొక వాదము. బయటివారితో మనకేమి పని, జెయిళ్లకు పోయినవారు మనవారు, లాఠీదెబ్బలు తిన్నవారు మనవారు, కావున స్వరాజ్యము సంపూర్ణముగ మన యార్జితమేయని మఱియొక వాదము. మొదటిది పరదేశ పండితులకు రుచించును. రెండవది ఆగస్టు పదునైదవ తేదీన మన వేదికలకు రుచించును. మా యభిప్రాయము ఈ రెంటికిని నడుమ నున్నది. అగ్రరాజ్యముల వైరము ఏ జాతికిని స్వాతంత్ర్యమును పుట్టింపలేదు. కాని పుట్టిన స్వాతంత్ర్యమునకు ముహూర్తమును, వెలను మార్చివేసినది. కొందఱకు ఆ వెల స్వల్పమైనది. కొందఱు ఒక తరమంతయు ధారవోసికొన్నారు. ఈ భేదము ఎట్లు కలిగినదో తెలిసికొనుటకు మన చదువరులు కాంగో యడవుల దాక పోవలసిన పనిలేదు. మహానంది, నంద్యాల, ఆళ్లగడ్డల చుట్టునున్న నేలయు, కర్నూలునకు ఉత్తరమున తుంగభద్ర యావలి యొడ్డును తగినంత సాక్ష్యము చెప్పగలవు.

ఈ సీమ పాతపేరే ఒక సాక్ష్యము. దత్తమండలము! దత్తమనగా ఇయ్యబడినది. ఎవరు ఎవరికిచ్చిరి? ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నది ఇంగ్లీషు కుంపిణీ. 1792లోను, 1799లోను టిప్పు సుల్తానువలన తనకు సంక్రమించిన ఈ మండలములను నిజాము 1800 సంవత్సరము అక్టోబరులో కుంపిణీ సేనల పోషణార్థము వారికి వదలివేసెను. ఆ సేనలు హైదరాబాదున ఎందుకుండవలసివచ్చెను? ఏలయన 1798 వఱకు నిజాము కొలువున ఫ్రెంచివారు తర్ఫీదు చేసిన పటాలములుండెను. రేమండు దొర వానికి నాయకుడుగా నుండి ఆ యేడే గతించెను. అదే సంవత్సరమున నెపోలియను ఈజిప్టులో దిగెను. ఫ్రెంచివారి భయము ఇంగ్లీషువారికి నిద్ర పట్టనీయలేదు. ఫ్రెంచి పటాలములను తీసివేయించి, తమ పటాలములను పెట్టి, వాని జీతములకు మన పొలముల శిస్తును వ్రాయించుకొనిరి. పారిసు, లండనుల తగవు తీర్చుటకు బళ్లారి, కడప రైతులు కట్నము చెల్లించిరన్నమాట. ఇందు రైతును అడిగినవాడు లేడు.

నంద్యాల ప్రాంతము కర్నూలు నవాబు నేలుబడిలో మఱికొంత కాలము నిలిచినది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాను రహస్యముగ ఆయుధములను కూర్చుచున్నాడని నెపముపెట్టి కుంపిణీవారు ఆ సంస్థానమును గూడ కలుపుకొనిరి. రష్యావారు మధ్యాసియా మీదుగా వత్తురను భయముతో ఇంగ్లీషు సైన్యము ఆఫ్ఘనిస్థానమున దిగినదియు ఆ 1839వ సంవత్సరముననే. ఏలువారికి పై రాజ్యపు బెదురు పట్టుకొన్నప్పుడు లోపలి చిన్న సంస్థానమున కానవచ్చు ప్రతి ఫిరంగియు పెద్దదిగానే కనబడును. కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరిలో ఉరికంబ మెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ వేఱు. అది శిస్తులకును, పాళెగాండ్ర హక్కులకును సంబంధించినది. ఏ పరదేశరాజును ఆయనకు తోడు రాలేదు, ఎవరికిని ఆయనవలన పని లేకపోయెను.

1928 నవంబరులో నంద్యాలయందు ఆంధ్ర మహాసభ జరిగినపుడు అచ్చటనే దత్తమండలముల వారును సమావేశమై ఆ దానపు పేరును వదలుకొని, చిలుకూరి నారాయణరావుగారి సూచననుసరించి రాయలసీమ యను పేరు పెట్టుకొనిరి. పేరు మార్చినంతమాత్రమున వాన కురియలేదు, శిస్తు తగ్గలేదు. ఐనను ఒకరు ఒకరికి ఇచ్చుటకు, పుచ్చుకొనుటకు తాము వస్తువులము కామని చెప్పుకొన్న మాట అది. ఈ వ్యాసమున మేము అడుగుచున్నది ఆ మాట 1947 తరువాత ఎంతవఱకు నిలిచినదనియే.

మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చునాటికి రష్యా, అమెరికాల వైరము ఇంకను పూర్తిగా ముదురలేదు. 1941లో అట్లాంటికు ప్రకటనమందు సకల జాతులకును తమకు నచ్చిన ప్రభుత్వము నెన్నుకొను హక్కు కలదని రూజ్వెల్టు, చర్చిల్లులు కలిసి వ్రాసిరి; నెల తిరుగకుండ అది భారతదేశమునకు వర్తింపదని చర్చిల్లు పార్లమెంటులో చెప్పెను. 1942లో క్రిప్సు రాయబార సమయమున రూజ్వెల్టు తన దూతను ఢిల్లీకి పంపి కొంత యొత్తిడి చేసెను. చర్చిల్లు కన్నెఱ్ఱచేయగనే వెనుకకు తగ్గెను. యుద్ధమున తోడువచ్చు మిత్రుని నొప్పింపజాలనిది అమెరికా యాదర్శము. 1947 ఫిబ్రవరి 20న భారతదేశమును వదలిపోదుమని అట్లీ ప్రకటించెను. ఆ మఱునాడే గ్రీసు, టర్కీలకు తాము ఇక డబ్బీయలేమని ఇంగ్లీషువారు వాషింగ్టనునకు తెలియజేసిరి. ఈ రెండు ప్రకటనములును ఒక్క ఖాళీ ఖజానానుండియే వెలువడినవి. మార్చి 12న ట్రూమను ఆ బరువును తలకెత్తుకొనుటతో శీతలయుద్ధమునకు నాంది పలికినట్లయ్యెను. మనము ఆ రంగము ప్రారంభమగుచుండగా బయటపడితిమి. ఇది మన యదృష్టములలో నొకటి. దీనిని చరిత్రకారులు తగినంతగా లెక్కపెట్టలేదని మా తలంపు.

అదృష్టము పరీక్షకు నిలిచినది మఱుసటి యేట, తుంగభద్ర యావలి యొడ్డున. నిజాము స్వతంత్ర రాజుగా నుండదలచెను. ఆయన రాజ్యమునకు సముద్రతీరము లేదు. గోవాలోని మర్మగోవా రేవుపై ఆశ యుండెను. సిడ్నీ కాటను అను వైమానికుడు కరాచీనుండి రాత్రులందు తుపాకులు దింపుచుండెను. రజాకార్ల యాగడములు పెచ్చుపెరిగెను. మధ్యవర్తిత్వము వహింపుమని నిజాము అమెరికా అధ్యక్షుడు ట్రూమనును వేడుకొనెను. ట్రూమను అంగీకరింపలేదు. పిమ్మట ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పోయెను. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదులో ప్రవేశించినవి. 16న పారిసునగరమందు మండలి సమావేశమైనది. 17న నిజాము లొంగిపోయెను.

ఆనాడు పారిసులో భారతదేశముపక్షమున మాటలాడినవాడు సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు. ఈయన 1887లో కర్నూలునందు జన్మించినవాడు. జస్టిసు పార్టీలో పెరిగి, కాంగ్రెసు జెయిళ్లలో నున్న కాలమున దొరల మంత్రాంగమందు కూర్చున్నవాడు. జాతీయవాదులకు ఆయనపై నుండిన కోపము చిన్నది కాదు. ఐనను హైదరాబాదు ఎన్నడును సర్వస్వతంత్ర రాజ్యము కాదు, మండలికి వచ్చుటకు దానికి అర్హత లేదని ఆయన చేసిన వాదము గట్టిదే. ఐనను మండలి ఫిర్యాదును కార్యక్రమమున చేర్చుకొనుటకు ఎనిమిది వోట్లతో నిశ్చయించెను. అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సులు అనుకూలము. రష్యా, ఉక్రెయిను, చైనాలు తటస్థము. వ్యతిరేకమైన వోటు ఒక్కటియు లేదు. మనకు వోటిచ్చినవాడు లేకపోయెనన్నమాట. ఐనను ఏమియు జరుగలేదు. ఎందుచేత? మొదటి కారణము సేన మూడు నాలుగు దినములలో పని ముగించుట. రెండవ కారణము బెర్లిను. ఆ జూను నెలనుండి రష్యావారు బెర్లిను దారులు మూసివేసిరి. అమెరికా, ఇంగ్లీషు విమానములు బొగ్గును, పిండిని మోయుచుండెను. సెప్టెంబరు ముగియుసరికి ఆ తగవే మండలి గుమ్మమెక్కెను. బెర్లినుముందు హైదరాబాదు ఎవరికి గావలెను? 22న నిజాము ఫిర్యాదును ఉపసంహరించుకొన్నట్లు తంతి నిచ్చెను. 1949 మే నెలలో పాకిస్తాను ప్రతినిధి మఱల ప్రస్తావించినను మండలి ఏ తీర్మానమును చేయలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పకుండ దాటిపోవుట న్యాయము కాదు. పోలీసు చర్యకు పిమ్మట ఆ రాజ్యమున, ముఖ్యముగ మరాఠీ, కన్నడ జిల్లాలలో, అమాయకులైన ముస్లిములపై ఘోరమైన హింస జరిగెను. సుందరలాలు సంఘము మృతులసంఖ్యను 27,000 నుండి 40,000 వఱకు అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు బీరువాలో నుండెను. స్వాతంత్ర్యమును ప్రేమించువారు దాని లెక్కలో ఈ పద్దును గూడ వ్రాసికొనవలెను.

హైదరాబాదును అగ్రరాజ్యములు విడిచిపెట్టిన ఆ వారముననే తూర్పుసముద్రమావల మఱియొక కథ నడచినది. ఇండొనేషియాలో డచ్చివారితో పోరాడుచున్న సుకర్ణో ప్రభుత్వముపై 1948 సెప్టెంబరు 18న మదియూను పట్టణమున కమ్యూనిస్టులు తిరుగబడిరి. ప్రభుత్వము ఆ తిరుగుబాటు నణచివేసెను. అంతవఱకు డచ్చివారిని నొప్పింపని అమెరికా, ఈ జాతీయవాదులు రష్యా మనుషులు కారని తెలియగనే పక్షము మార్చెను. డిసెంబరులో డచ్చివారు రెండవసారి దండెత్తినపుడు మార్షలు సహాయము నిలిచిపోవునని వారికి భయము కలుగునట్లు చేసెను. 1949 డిసెంబరు 27న ఇండొనేషియాకు అధికారము సంక్రమించినది. వియత్నాము 1945 సెప్టెంబరు 2ననే స్వాతంత్ర్యమును ప్రకటించుకొన్నది. నాయకుడు హోచిమిను కమ్యూనిస్టు. కావున అదే అమెరికా ఫ్రెంచివారి యుద్ధవ్యయమున అధికభాగమును భరించెను. 1954లో జెనీవాయందు ఆ దేశము రెండు ముక్కలయ్యెను. మఱల ఒక్కటగుటకు 1975 వఱకు యుద్ధము పట్టినది. ఇరువురును ఆసియావారే, ఇరువురును ఐరోపా దొరలపైననే తిరుగబడినవారు. ఒకరికి నాలుగేండ్లు, ఒకరికి ముప్పదియేండ్లు! ఈ వ్యత్యాసము వారి త్యాగములయందు లేదు; వాషింగ్టనులోని యొక బల్లమీద వారి పేళ్లు ఏ పట్టికలో వ్రాయబడినవో అందున్నది.

మాస్కోలోని బల్ల ఇంతకంటె దయగలదేమియు కాదు. తెలంగాణమున 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమర్పించిన నాటినుండి రైతుల పోరాటము వెట్టికిని, దేశముఖుల దౌష్ట్యమునకును ఎదురుగా సాగినది. పోలీసు చర్య తరువాత కమ్యూనిస్టు నాయకులు ఆయుధములు విడువక భారతసేనతో పోరుటకు నిశ్చయించిరి. 1947లోనే ప్రపంచము రెండు శిబిరములైనదని రష్యా సిద్ధాంతకర్త జ్దానోవు ప్రకటించియుండెను. 1948 ఫిబ్రవరిలో కలకత్తాలో రణదివే నాయకత్వమున పార్టీ ఆ మార్గమునే స్వీకరించెను. ఆంధ్రదేశపు కమ్యూనిస్టులు చైనామార్గమును పట్టిరి. నల్లగొండ, వరంగల్లు అడవులలో ఇంటింటికి ఒక కొడుకు పోయుచున్నవేళ మన నాయకులు రష్యా గ్రంథములో ఏ పుట మనకు వర్తించునని తర్కించుచుండిరి.

తుదకు 1951 ఆరంభమున చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయఘోషు, డాంగేలు రహస్యముగ మాస్కో చేరి స్టాలినుతో ముఖాముఖి మాటలాడిరి. చైనా కమ్యూనిస్టులకు వెనుక రష్యా సరిహద్దు అండగా నుండెను, మీకట్టి అండ యెక్కడ అని స్టాలిను సంభాషణసారము. చైనాబాట మీకు సరిపడదనియే దాని భావము. ఆ సంవత్సరము అక్టోబరు 21న తెలంగాణ సాయుధపోరాటమును విరమించినట్లు ప్రకటన వెలువడినది. విరమించుట మంచిదేయని మా నమ్మకము. అది ఎంతో ముందే జరుగవలసినది. కాని మునగాల, సూర్యాపేటలకు అమావాస్యయో పున్నమియో తెలిసికొనుటకు క్రెమ్లిను పంచాంగమును చూడవలసివచ్చుట ఏమి స్వాతంత్ర్యము? విచిత్రమేమన, వోటు చేతికి రాగానే ఆ రైతులే తమ మాట తాము చెప్పుకొనిరి. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి పొందిన వోట్లు నెహ్రూకు వచ్చిన వోట్లను మించినవి.

ఆ సంవత్సరములే రాయలసీమకు కఱవు సంవత్సరములు. 1952లో సైనికులు వచ్చి బావులు త్రవ్వి, నీరు పంచిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. దేశమున ధాన్యము చాలక ప్రభుత్వము అమెరికాను గోధుమలడిగెను. కొరియా యుద్ధమున మనము అమెరికా చెప్పినట్లు నడువలేదని అచ్చటి శాసనసభ్యులు నెలల తరబడి సణిగిరి. తుదకు 1951 జూనులో 19 కోట్ల డాలర్లు దానముగా గాక అప్పుగా మంజూరు చేసిరి. రష్యా, చైనాలు తాముకూడ ధాన్యము పంపుదుమనుట ఆ మంజూరును తొందరపెట్టినది. ఇద్దఱు వర్తకులున్న సంతలో బేరమెట్లుండునో మన రైతులకు నేర్పనక్కఱలేదు. కాని అదే అమెరికా 1965 - 67 సంవత్సరములందు, మనము వియత్నాము యుద్ధమును విమర్శించినందులకు గూడ, ఓడ తరువాత ఓడను లెక్కపెట్టి విడిచినది. ఆనాడు మన పొలములలోని విత్తనములు మార్చుకొనవలెనను పట్టుదల కలుగుటకు ఈ యవమానముకూడ నొక కారణము.

ఇక కర్నూలు సంగతికి వత్తము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధాని యయ్యెను. గుడారములలో కచేరీలు నడచిన రాజధాని యది! 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము పడిపోయెను. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు. 1952 ఎన్నికలలో ఆంధ్రజిల్లాల 140 స్థానములలో 41 గెలిచియున్న కమ్యూనిస్టులు ఈ పర్యాయము గద్దె తమదేయని నమ్మిరి. ప్రపంచ పత్రికలు గూడ నమ్మినవి. కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోకపార్టీ, ప్రజాపార్టీ ఏకమై నిలిచినవి. ఆ సమయమున, గణతంత్రదిన సందర్భమున మాస్కోనుండి ప్రావ్దా పత్రిక నెహ్రూగారి విదేశాంగ నీతిని మెచ్చుకొనుచు వ్రాసెను. మన కాంగ్రెసువారు దానిని అచ్చువేయించి ఊరూర పంచిపెట్టిరి. మీ గురువులే మా నాయకుని మెచ్చుచున్నారు గదా, మీరేల తిట్టెదరు అని కమ్యూనిస్టు అభ్యర్థులను అడిగినవారికి సమాధానము కొఱవడెను.

ఎన్నికల ఫలితము తెలిసినదే. 196 స్థానములలో కాంగ్రెసు కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. ఐనను వారికి నూటికి 31 వంతుల వోట్లు పడినవి. అందుచేత ప్రావ్దా వ్యాసమే వారిని ఓడించినదనుట అతిశయోక్తి. భూస్వాముల భయము, ప్రత్యర్థుల ఐక్యత, ఆవడిలో కాంగ్రెసు సోషలిస్టు పద్ధతిని వల్లించుట, ఇవి యన్నియు పనిచేసినవి. మేము ఇచ్చట గమనింపుమని కోరునది వేఱు. రష్యాకు ఆనాడు ఢిల్లీతో స్నేహము కావలసియుండెను. పాకిస్తాను 1954లో అమెరికాతో సైనికసంబంధము పెట్టుకొన్నది. రష్యాకు భారతదేశపు తటస్థత అమూల్యమయ్యెను. భిలాయి ఉక్కు కర్మాగారపు ఒడంబడిక 1955 ఫిబ్రవరి 2న జరిగినది. ఆ నెలలోనే ఆంధ్రలో వోట్లు పడినవి. ఢిల్లీ తూకమున కర్నూలు ఎంత? పదేండ్లు జెయిళ్లలోను, అడవులలోను గడపిన ఆంధ్ర కమ్యూనిస్టుల సేవను ఒక్క వ్యాసముతో మఱచిపోయిరి. వారి రాజకీయము మాకు సమ్మతము కాదు. ఐనను వారి యెడల జాలి కలుగకపోదు. దత్తమండలపు రైతువలె వారును తమకు తెలియకయే ఒకరి ఖాతానుండి ఒకరి ఖాతాకు వ్రాయబడిరి.

ఈ వైరమువలన మనకు కలిగిన లాభమును తక్కువచేసి చెప్పుట గూడ సత్యము కాదు. 1955 తరువాత ఇరువురును మన వాకిట నిలిచిరి. హైదరాబాదులో రష్యా సహాయముతో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము వెలసినది. అచ్చట పనినేర్చినవారిలో కల్లము అంజిరెడ్డి యొకరు. ఆయన 1984లో పెట్టిన సంస్థ నేడు దేశదేశముల మందులమ్ముచున్నది. రాజేంద్రనగరున వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో ఏర్పడినపుడు అమెరికాలోని కాన్సాసు రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు తోడ్పడిరి. విశాఖ ఉక్కుకై 1966లో ఆంధ్రులు ప్రాణములొడ్డిరి. 1979లో రష్యాతో ఒప్పందము కుదిరినది. ఒకే నగరమున ఒకరివలన మందు, ఒకరివలన విత్తనము! రెండు పక్షములలో దేనిలోను చేరకపోవుట పిఱికితనమని ఆనాడు మనలను హేళనచేసినవారు ఈ పద్దులను చూడవలెను. ఇది సాధ్యమగుటకు కారణము మన సేన మన చేతిలో నుండుట, మన వోటు మన చేతిలో నుండుట. అవి లేనిచోట ఇద్దఱు వర్తకులు ఇద్దఱు దొంగలైరి.

1960 జూన్ 30న స్వతంత్రమైన కాంగోలో రెండువారములు తిరుగకుండ సైన్యము తిరుగబడెను. కటాంగా గనుల రాష్ట్రము విడిపోయెను. ప్రధాని లుముంబా రష్యా సహాయము కోరగనే అమెరికాకు శత్రువయ్యెను. 1961 జనవరి 17న వధింపబడెను. అంగోలా 1975 నవంబరు 11న స్వతంత్రమై, క్యూబా సేనలకును దక్షిణాఫ్రికా సేనలకును రణరంగమై, 2002 వఱకు కొట్టుకొన్నది. నమీబియాకు 1990లో స్వాతంత్ర్యము వచ్చుటకు 1988 డిసెంబరులో అగ్రరాజ్యముల సంధిబుద్ధి తోడైనది. పోటీ ముదిరినపుడు ఆగినది, పోటీ సడలినపుడు వచ్చినది.

మన తూర్పుతీరమునకు ఈ తగవు 1971లో స్వయముగ నడచివచ్చినది. ఆగస్టు 9న భారత - సోవియట్టు ఒడంబడిక. డిసెంబరు 3వ తేదీ రాత్రి విశాఖపట్టణపు రేవు సమీపమున పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయెను. భద్రతామండలిలో యుద్ధము నాపుమను తీర్మానములను రష్యా మూడు పర్యాయములు వీటో చేసెను. అమెరికా ఎంటర్ప్రైజు అను గొప్ప యుద్ధనౌకను బంగాళాఖాతమునకు పంపెను. అది చేరుసరికి పని ముగిసినది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయెను. 1948లో హైదరాబాదున కనిపించినదే ఇచ్చటను కనిపించుచున్నది. ఇతరుల అండ కొన్నిదినముల వ్యవధి నిచ్చును. ఆ దినములలో పని ముగించుకొనువాడు ముగించుకొనును.

1991లో సంతలోని ఒక వర్తకుడు దుకాణము కట్టివేసెను. ఆ యేడు జూలైలో మన ప్రభుత్వము పరదేశపు బాకీలు తీర్చలేక దాదాపు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు బ్యాంకునకు తాకట్టు పంపినది. ప్రధాని పి.వి. నరసింహారావుగారు అప్పటికి పార్లమెంటు సభ్యులు కారు. నిజాము రాజ్యమున పుట్టి, నిజామునకు ఎదురుగా నిలిచిన ఆయనను నవంబరులో నంద్యాల పార్లమెంటు స్థానపు వోటర్లు అయిదు లక్షలకు మించిన ఆధిక్యముతో గెలిపించిరి. తెలుగువాడు ప్రధాని యగుచున్నాడని తెలుగుదేశము పార్టీ అభ్యర్థిని నిలుపలేదు. మహానంది, ఆళ్లగడ్డ గ్రామముల వోట్లును అందున్నవి. నెల తిరుగునప్పటికి, డిసెంబరు చివర, సోవియట్టు రాజ్యము భూపటమునుండి తొలగినది. ఆగస్టులో మాస్కోలో కుట్ర జరిగినపుడు, ఇది తొందరపడువారికి హెచ్చరికయని అర్థము వచ్చునట్లు పి.వి.గారు పలికి విమర్శపాలైరి. పాతమిత్రుడు పడిపోవుచుండగా ఏమనవలెనో ఎవరికి తెలియును? గుంటూరు, ప్రకాశము జిల్లాల పొగాకురైతులకు ఆ పతనమునకు అర్థము చెప్పవలసిన పని లేకపోయెను. రష్యా కొనుగోలు తగ్గిపోగా బేళ్లు కొట్టులలో మిగిలినవి.

శ్రీహరికోట సంగతి దీనికి తరువాయి. భారమైన ఉపగ్రహములను పంపుటకు కావలసిన క్రయోజెనికు యంత్రమును, దాని విద్యను ఇచ్చుటకు 1991 జనవరిలో రష్యా సంస్థ ఒప్పుకొన్నది. క్షిపణులకు పనికివచ్చునని అమెరికా 1992 మేలో మన సంస్థపైనను, వారి సంస్థపైనను ఆంక్షలు పెట్టెను. ఆ యంత్రమునే అంతకుముందు ఎక్కువ వెలకు అమ్మజూపినవారిలో అమెరికా సంస్థ యొకటి కలదు! 1993లో రష్యా వెనుకంజ వేసి, యంత్రములనమ్ముదుము కాని విద్య నీయలేమన్నది. వైరమున్ననాడు ఇట్టి మాట మాస్కోనుండి వచ్చియుండునా? మన శాస్త్రజ్ఞులు స్వయముగ మొదలుపెట్టిరి. 2010 ఏప్రిలులో స్వదేశీ యంత్రము విఫలమైనది. 2014 జనవరి 5న శ్రీహరికోటనుండి ఎగిరి కక్ష్య చేరినది. ఇరువది యేండ్లకు పైగా పట్టినది; కాని దానిని ఉపసంహరించుకొనుట ఇక నెవరి చేతను కాదు.

నేడు రంగమున రష్యాకు బదులు చైనా నిలిచినదనియు, మనకు మఱల ఇద్దఱు వర్తకులు దొరకిరనియు సంతోషించువారు కలరు. వారు ఇటీవలి యొక యుదంతమును గమనింపవలెను. 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తెను. మనము రష్యానుండి చవుకగా చమురు కొంటిమి. ఆ నెపమున అమెరికా 2025 ఆగస్టులో మన సరకులపై అదనముగ నూటికి 25 వంతుల సుంకము విధించి మొత్తమును 50కి చేర్చెను. ఐరోపాలో యుద్ధము, చమురు జామ్‌నగరు శుద్ధికర్మాగారములకు, సుంకపు దెబ్బ మాత్రము దేశమున రొయ్యలను అత్యధికముగ ఎగుమతి చేయు ఆంధ్రతీరమునకు తగిలినది. వరిపొలము త్రవ్వి, అప్పు తెచ్చి, మేత పోసి పెంచిన రొయ్యలను భీమవరపు రైతు చెఱువులో ఎన్నాళ్లు నిలుపగలడు? పట్టుబడి దినము వచ్చినది, మంచు కరగుచుండెను, వర్తకుడు చెప్పిన ధరకే తూచియిచ్చెను.